మాత్రకిచ్చే మర్యాద వ్యాయామానికీ ఇవ్వండి

మన ఇళ్ళల్లో మాత్రకి ఉన్న మర్యాద వ్యాయామానికి లేదు. "అమ్మా, బీపీ మాత్ర వేసుకున్నావా?" అని అడిగే పిల్లలున్నారు. "టిఫిన్‌కి ముందు థైరాయిడ్ మాత్ర మర్చిపోకు" అని గుర్తుచేసే భర్తలూ ఉన్నారు. కానీ "ఫిజియో చెప్పిన ఎక్సర్‌సైజులు ఇవాళ చేశావా?" అని అడిగేవాళ్ళు మీ ఇంట్లో ఎంతమంది? ఒకసారి లెక్కేసుకోండి. మా బంధువుల్లో, మా అపార్ట్‌మెంట్లో నేను లెక్కేస్తే ఒక చేతికున్న వేళ్ళు కూడా అన్నీ అక్కర్లేకపోయాయి.

అడక్కపోతే పోనీ, చేస్తుంటే ఆపుతారు కూడా. మాత్ర మింగబోతున్న మనిషి చేతిలోంచి మంచినీళ్ళ గ్లాసు ఎవరూ లాక్కోరు. చాప మీద పడుకుని కాలు పైకెత్తిన మనిషిని మాత్రం "నా నీలం చొక్కా ఎక్కడ?" అని నిమిషంలో లేపేస్తారు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఫిజియోథెరపిస్టు చెప్పిన ఆ ఇరవై నిమిషాలూ మందే. అది ఖాళీ టైములో చేసుకునే సరదా కాదు, ఒళ్ళు తగ్గడానికి పడే తాపత్రయమూ కాదు. మందు వేళ తప్పితే ఎలా పనిచెయ్యదో, అదీ అంతే. ఆ ఇరవై నిమిషాలు ఆడవాళ్ళకి మిగలకపోవడం వల్లే మన నొప్పులు సగం అలాగే ఉండిపోతున్నాయని నా గట్టి నమ్మకం.

ముందు నా సంగతే చెప్తాను. నలభై ఎనిమిదో ఏట నాకు కుడి భుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. మొదట్లో రాత్రిళ్ళు ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోవడం, తర్వాత జడ వేసుకోలేకపోవడం, ఆ తర్వాత జాకెట్టు హుక్కులకీ, పై అరలో పప్పు డబ్బాకీ చెయ్యి అందకపోవడం. భుజం కీలు చుట్టూ సంచిలాగా ఒక పొర ఉంటుంది. అది వాచి, మందమెక్కి, బిగుసుకుపోతుంది. నలభై నుంచి అరవై ఏళ్ళ మధ్యలో ఎక్కువగా వస్తుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి ఎక్కువ. షుగరు ఉన్నవాళ్ళకి, థైరాయిడ్ తేడా ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ. తగ్గడానికి ఏడాది నుంచి మూడేళ్ళు కూడా పట్టొచ్చు.

నాకు ఫిజియోథెరపిస్టు నేర్పినవి చూస్తే "ఇంతేనా" అనిపించేంత చిన్నవి. ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించి ముందుకి వంగి, కుడి చేతిని గడియారం లోలకంలా ఊపడం. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళని బొద్దింక పాకినట్టు పైకి పాకించడం. వీపు వెనక తువ్వాలు పట్టుకుని మంచి చేత్తో మెల్లగా పైకి లాగడం. గోడ మీద వేళ్ళు ఎక్కడిదాకా వెళ్ళాయో పెన్సిల్‌తో గీత పెట్టుకోమన్నారు. పిల్లల ఎత్తు కొలిచినట్టు మా ఫ్రిజ్ పక్క గోడంతా గీతలే. వారానికి ఒక అంగుళం కూడా పెరగని రోజులున్నాయి. పధ్నాలుగు నెలలకి పప్పు డబ్బా అందింది. ఆ పధ్నాలుగు నెలల్లో వాడిన నొప్పి మాత్రలు రాత్రి నిద్రపట్టడానికి సాయం చేశాయి, కాదనను. కానీ చేతిని పైకి తీసుకెళ్ళింది ఆ గీతలే.

ఇక మోకాళ్ళు. "అరిగిపోయాయి" అని డాక్టరు అన్న మరుక్షణం మనలో చాలామంది నడక మానేస్తారు. అరిగినవాటిని ఇంకా అరగదీయడం ఎందుకని. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, మోకాలు బండి టైరు కాదు. దాని బరువు మోసేది తొడ ముందున్న కండరం. కదలడం మానేస్తే ముందు ఆ కండరం చిక్కిపోతుంది. అది చిక్కితే బరువంతా కీలు మీదే పడుతుంది. నొప్పి పెరుగుతుంది, ఇంకా కదలం. అందుకే 2022లో ఇంగ్లండులోని నైస్ సంస్థ కీళ్ళ అరుగుదల వైద్యానికి ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోగికి తగిన వ్యాయామాన్నీ, బరువు ఎక్కువున్నవాళ్ళు తగ్గడాన్నీ ముందు వరసలో పెట్టారు. మొదట్లో నొప్పి కాస్త పెరిగినట్టు ఉండొచ్చనీ, మానకుండా చేస్తే మేలు జరుగుతుందనీ రోగికి ముందే చెప్పమన్నారు. ఆ మాట మనకి ఎవరైనా ముందే చెప్తే, రెండోరోజు నొప్పి చూసి భయపడి మానేసేవాళ్ళు ఎంతమంది తగ్గుతారో!

నడుం నొప్పి కథ ఇంకోటి. ఎమ్మారై తీయించుకున్నాక "డిస్క్ బయటికొచ్చింది" అని కాగితం మీద చూసి కుంగిపోయినవాళ్ళని చాలామందిని చూశాను. 2015లో అచ్చయిన ఒక పరిశీలన ఉంది. నడుం నొప్పే లేని 3110 మంది స్కాన్‌ల మీద వచ్చిన అధ్యయనాలని కలిపి చూశారు. నొప్పి లేని యాభై ఏళ్ళవాళ్ళలో కూడా 80 శాతం మందికి డిస్కుల అరుగుదల కనిపించింది, 60 శాతం మందికి డిస్క్ ఉబ్బు ఉంది. అంటే స్కాన్‌లో కనిపించిందంతా నొప్పికి కారణం కానక్కర్లేదు. తల నెరిసినట్టే డిస్కూ నెరుస్తుంది. నడుం నొప్పితో బాధపడేవాళ్ళు 2020లో ప్రపంచం మొత్తం మీద 61.9 కోట్ల మంది. అందులోనూ ఆడవాళ్ళే ఎక్కువ. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, వేరే జబ్బేదీ కారణంగా లేని దీర్ఘకాలపు నడుం నొప్పికి ఏం చెయ్యాలో చెప్పింది. నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడం, వ్యాయామం నేర్పడం మంచిదంది. నడుం బెల్టులూ, బరువులు కట్టి లాగే ట్రాక్షనూ, అల్ట్రాసౌండూ మామూలుగా వాడొద్దంది.

ఇక్కడ ఒకమాట గట్టిగా అనాలి. మన ఊళ్ళల్లో ఫిజియోథెరపీ అంటే "కరెంటు పెట్టించుకోవడం" అని పేరు పడిపోయింది. పది సిట్టింగులు, ఒక్కోదానికి ఇంత, మంచం మీద పడుకుంటే మెషీను పెడతారు, వెచ్చగా చిమచిమలాడుతుంది, లేచి వచ్చేస్తాం. పదో రోజుకి నొప్పి మళ్ళీ మొదలు. "ఫిజియో కూడా చేయించాం, ఏం లాభం లేదు" అని తేల్చేస్తాం. నైస్ వాళ్ళు చెప్పింది ఇక్కడ కూడా గుర్తుంచుకోవాలి: కీళ్ళ అరుగుదలకి ఇలాంటి కరెంటు వైద్యాలు మేలు చేస్తాయనడానికి తగినంత ఆధారం లేదు, ఇవ్వొద్దు. మెషీన్లన్నీ మోసమని నేననను. నొప్పి కాసేపు సద్దుమణిగితే ఆ సందులో వ్యాయామం చేయించొచ్చని వాడే మంచి థెరపిస్టులున్నారు. కానీ మెషీను పెట్టి, ఒక్క వ్యాయామం కూడా నేర్పకుండా పంపేసే చోట డబ్బు కట్టకండి. "నేను ఇంట్లో ఏం చెయ్యాలి? ఎన్నిసార్లు? ఎప్పుడు పెంచాలి?" ఈ మూడూ అడగండి. బీపీటీ చదివిన థెరపిస్టయితే ఈ ప్రశ్నలకి సంతోషంగా జవాబు చెప్తారు. విసుక్కుంటే వేరే చోటు చూసుకోండి.

పెద్ద నొప్పుల మాటున పడిపోయే చిన్న నొప్పులు కొన్నున్నాయి. చంటిపిల్ల తల్లులకీ, మనవల్ని ఎత్తుకునే అమ్మమ్మలకీ బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర వచ్చే నొప్పి ఉంది చూశారూ, దాన్ని 1895లోనే డి క్వెర్వేన్ అనే స్విట్జర్లండు సర్జన్ వివరించాడు. పిల్లని చంకల కింద బొటనవేళ్ళు విడదీసి పట్టి ఎత్తడంతో అది ముదురుతుంది. అరచేతులు కిందనుంచి పెట్టి, ఒళ్ళోకి తీసుకున్నట్టు ఎత్తమని చెప్తారు. కొన్నాళ్ళు బొటనవేలికి పట్టీ కూడా వేస్తారు. పొద్దున్నే మంచం దిగగానే మడమలో సూది గుచ్చినట్టు ఉండేది ఇంకొకటి. పిక్కనీ అరికాలినీ సాగదీసే వ్యాయామాలూ, మడమలెత్తి దించడాలూ దానికి మందు. వట్టికాళ్ళతో గచ్చు మీద రోజంతా నిలబడటం తగ్గించి, ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోవడం పథ్యం.

మూడోది అక్కచెల్లెళ్ళతో కూడా చెప్పుకోనిది. తుమ్మినా, దగ్గినా, గట్టిగా నవ్వినా రెండు చుక్కలు పడిపోవడం. కాన్పులయ్యాక అది మామూలేనని సరిపెట్టుకుని, పెళ్ళిళ్ళకీ ప్రయాణాలకీ మంచినీళ్ళు తాగడం మానేస్తాం. అదీ కండరాల సంగతే. మూత్రసంచిని కిందనుంచి పట్టి ఉంచే కండరాలు వదులవుతాయి. వాటిని బిగించే వ్యాయామాన్ని 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పటికీ మొదటి వైద్యం అదే. రోజుకి మూడుసార్లు, ప్రతిసారీ కనీసం ఎనిమిది బిగింపులు, కనీసం మూడు నెలలు, నేర్పేవాళ్ళ దగ్గర నేర్చుకుని చెయ్యాలి. ఏ కండరమో తెలియకుండా పొట్ట బిగించేస్తే లాభం లేదు. సిగ్గుపడాల్సిందేమీ లేదు. మోకాలికి వెళ్ళినట్టే దీనికీ వెళ్ళాలి.

"పొద్దున్నుంచి ఇంట్లో ఒళ్ళు హూనం చేసుకుంటూనే ఉంటాంగా, మళ్ళీ వ్యాయామం ఎందుకు?" మా పిన్ని అనే మాట ఇది. న్యాయమైన ప్రశ్నే. ఇంటిపని ఒంటిని అలసగొడుతుంది గానీ, బలహీనపడ్డ కండరాన్ని వెతికి పట్టుకుని బలం పెంచదు. రోజూ అదే వంగడం, అదే గిన్నెలు తోమడం, అదే చేత్తో బకెట్టు ఎత్తడం. పట్టేసిన భుజాన్ని తల మీదకి లేపే పని వంటింట్లో ఏముంది? ఉన్నా, నొప్పని రెండో చేత్తో కానిచ్చేస్తాం. వ్యాయామంలో ఏ కండరమో, ఎంతో, వచ్చేవారం ఇంకెంతో లెక్క ఉంటుంది. ఆ లెక్కే వైద్యం.

మరి ఆ ఇరవై నిమిషాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? 2019లో మన ప్రభుత్వం జనం రోజుని ఎలా గడుపుతున్నారో సర్వే చేయించింది. అప్పట్లో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికోసం రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చించేవారు. ఇంటిపని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు చెయ్యని మగవాళ్ళు ఆ లెక్కలోనే లేరు. మన 299లోంచి ఇరవై తీసి వాళ్ళ 97కి కలపండి. మనకి 279, వాళ్ళకి 117. అప్పటికీ మనం చేసేదాంట్లో వాళ్ళది సగం కూడా కాదు. నేనడుగుతున్నది ఇల్లు తలకిందులైపోయేంత పెద్ద కోరికేమీ కాదు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా మామయ్యగారు బాత్రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చి ఆరు వారాలు చేయించారు. పది గంటలకి ఆయన వస్తారంటే టీవీ కట్టేసేవాళ్ళం, కుక్కరు పెట్టేవాళ్ళం కాదు. మా అత్తయ్యగారు పక్కన కూర్చుని "ఒకటి, రెండు" అని లెక్కపెట్టేవారు. అవ్వగానే ఆయనకి కాఫీ. అలాగే ఉండాలి కూడా. మరుసటి ఏడు అత్తయ్యగారికి మోకాళ్ళు. అదే థెరపిస్టు, అదే ఫీజు, అదే పది గంటలు. కానీ ఆవిడ చాప మీద పడుకుంటే ఒక చెవి వంటింట్లో, ఒక చెవి వీధి గుమ్మంలో. పాలపొంగు, గ్యాసు అబ్బాయి, కొరియర్, "కళ్ళజోడు ఎక్కడ పెట్టావు?" అన్నీ పది గంటలకే. ఒకరోజు ఆ థెరపిస్టే నవ్వుతూ అన్నారు, "అమ్మా, పది లెక్కపెట్టేలోపు మూడుసార్లు లేచారు" అని.

ఇందులో దుర్మార్గులెవరూ లేరు. మామయ్యగారు ఆవిణ్ణి ప్రేమగానే చూసుకుంటారు. అత్తయ్యగారే "నాకేం పర్లేదమ్మా, తర్వాత చేసుకుంటాలే" అనేవారు. ఆ తర్వాత అనేది ఏ రోజూ రాదని మనకి తెలుసు. చివరికి నేను మామయ్యగారికే ఆ పని అప్పజెప్పాను. "ఆరు వారాలు చేసిన అనుభవం మీదే కదండీ, మీరే లెక్కపెట్టాలి" అని. ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కొరియర్ ఆయనే తీసుకున్నారు, పాలు ఆయనే దించారు. ఒకసారి పొంగిపోయాయి కూడా, ఏం కొంప మునగలేదు. మూడు నెలలు పట్టింది. అత్తయ్యగారి మోకాళ్ళు కొత్తవైపోలేదు, ఇప్పటికీ కింద బాసింపట్టు వేసుకుని కూర్చోలేరు. కానీ మేడమెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కి వడియాలు ఎండబెట్టుకుంటున్నారు. మందు పనిచెయ్యడమంటే అదే కదా.

దూరాన ఉన్న పిల్లలకి కూడా ఒకమాట. అమ్మకి మోకాళ్ళ నొప్పులంటే మీరు మసాజ్ కుర్చీ పంపిస్తారు, వాలు కుర్చీ కొంటారు, "ఆపరేషన్ చేయించుకో, డబ్బు నేను పంపిస్తా" అంటారు. మీ ప్రేమని తక్కువ చెయ్యను. నిజంగా అవసరమైనవాళ్ళకి కీలు మార్పిడి ఆపరేషన్ వరమే. కానీ ఆపరేషన్ అయిన రోజో, మర్నాడో మళ్ళీ ఫిజియోథెరపిస్టే వచ్చి నిలబెడతారు. ఆ తర్వాత వారాల తరబడి అవే వ్యాయామాలు. ఆ ఇరవై నిమిషాల్ని డబ్బుతో తప్పించుకునే దారి లేదు. అమ్మకి కుర్చీ పంపడంతోపాటు వంటమనిషికో, పనిమనిషికో ఒక గంట ఎక్కువ జీతం ఇవ్వండి. మీరు ఫోన్ చేసే టైము అమ్మ వ్యాయామం టైము కాకుండా చూసుకోండి. మాట్లాడినప్పుడు "భోంచేశావా" తర్వాత "ఎక్సర్‌సైజులు అయ్యాయా" అనీ అడగండి.

ఇక చేసేవాళ్ళకి నాకు పనికొచ్చిన నాలుగు సంగతులు. పది రకాలు చెప్తే "నాకు ముఖ్యమైనవి మూడు చెప్పండి" అని థెరపిస్టుని అడగండి. మూడు రోజూ చెయ్యడం, పది వారానికోసారి చెయ్యడం కంటే మేలు. వాళ్ళ ముందే చేసి ఫోన్లో వీడియో తీయించుకోండి. యూట్యూబులో ఎవరో ఎవరి మోకాలికో చెప్పింది మీ మోకాలికి సరిపోకపోవచ్చు. చేసేటప్పుడు కాస్త లాగినట్టు ఉండి మర్నాటికి సర్దుకుంటే ఫరవాలేదు. మర్నాడు ఎక్కువైతే తగ్గించి చెయ్యండి, థెరపిస్టుకి చెప్పండి. టైము మాత్రం ఒకటే ఉండాలి, మారకూడదు.

అన్ని నొప్పులూ వ్యాయామంతో తగ్గేవి కావు, అదీ చెప్పాలి. నడుం నొప్పితోపాటు మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు పట్టు తప్పుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎర్రగా వాచి వేడెక్కిన కీలు, కిందపడ్డాక మొదలైన నొప్పి, ఇంతకుముందు కేన్సర్ వచ్చినవాళ్ళకి కొత్తగా వచ్చిన ఎముకల నొప్పి, ఇవన్నీ ముందు డాక్టరు చూడాల్సినవి. ఛాతీ బరువుతోనో ఆయాసంతోనో వచ్చే ఎడమ భుజం నొప్పిని పట్టేసిందిలే అనుకోకండి, అది గుండె కావచ్చు.

అలాంటివేవీ లేవని తేలాక మిగిలేది మన ఇరవై నిమిషాలే. అది ఎవరో ఇస్తారని చూస్తే రాదు. రేపొద్దున మీకు కుదిరే టైము ఒకటి చూసుకోండి. క్యాలెండరు మీద పాలలెక్క పక్కనే రాసుకోండి. చాప పరుచుకుని తలుపు దగ్గరగా వేసుకోండి. ఎవరైనా పిలిస్తే "వ్యాయామం చేస్తున్నా" అనొద్దు, దానికి మన ఇళ్ళల్లో విలువ లేదు. "మందేసుకుంటున్నా, ఇరవై నిమిషాలాగండి" అనండి. అబద్ధం కూడా కాదు.